ఇద్దరి బిళ్ళలు

జూన్ 9

అన్నయ్యా,

ఫోన్ చేస్తే "ఊ", "ఆ", "సరేలే" తప్ప నీ నోట నాలుగో మాట రాదు. ఆ మూడు మాటల కోసం నేను అరగంట వాగాలి. అందుకే ఈసారి కాగితం మీద వాగుతున్నాను. మధ్యలో "ఎవరో నీళ్ళలో అల్లరి చేస్తున్నారు, పెట్టేస్తున్నా" అని తప్పించుకోలేవుగా!

మా అన్నయ్య ఒకప్పుడు మంటలార్పేవాడు, ఇప్పుడు ఈతకొలను గట్టు మీద కుర్చీ వేసుకుని ఎవరూ మునగకుండా కాపలా కాస్తున్నాడు అని మా టీచర్లకి చెబితే పడీపడీ నవ్వారు. "నిప్పు వదిలి నీళ్ళలో పడ్డాడన్నమాట" అంది ఒకావిడ. నేనూ నవ్వాను. నువ్వు ఉద్యోగం ఎందుకు వదిలేశావో, ఊరెందుకు వదిలేశావో పన్నెండేళ్ళుగా నాకు మాత్రం తెలియదు కాబట్టి, నవ్వడం కంటే చేసేదేముంది?

నా సంగతి చెబుతాను. ఈ రెండు నెలలూ మా నర్సరీలో "మన వీధి, మన పనివాళ్ళు" అని పాఠం. ఇరవై ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరు ఒక్కో పిడుగు. గది నేల మీద అట్టపెట్టెలతో ఊరు కట్టాం. చెప్పుల పెట్టె పోస్టాఫీసు, బిస్కెట్ల పెట్టె ఆసుపత్రి, మిక్సీ వచ్చిన పెద్ద పెట్టె ఫైర్ స్టేషన్. రోజూ ఒక పనివాడి గురించి మాట్లాడుకుంటాం, వారానికోసారి వెళ్ళి చూసొస్తాం. పోస్టుమాన్ ఏం చేస్తాడర్రా అంటే, "కుక్కల్ని తరుముతాడు" అన్నాడొకడు. క్షౌరశాలకి తీసుకెళితే, కింద పడ్డ జుట్టు ఎవరిదో వాళ్ళకి తిరిగిచ్చెయ్యమని ఆ మంగలితో పోట్లాడింది ఒకతె. దాన్ని మేము గిలక్కాయ అంటాం, నిద్రలో కూడా నోరు మూయదు. దాని నేస్తం బుడంకాయ. అది నోరు తెరవదు. పెద్దయ్యాక ఏం పని చేస్తావే అని అడిగితే చాలాసేపు ఆలోచించి, "కూర్చుంటాను" అంది.

బయటికి తీసుకెళ్ళేటప్పుడు నీ దగ్గర విన్న పద్ధతే పెట్టాను. మంటల్లోకి వెళ్ళేముందు మీరు మీ ఇత్తడి బిళ్ళని బండి పక్కనున్న పలకకి తగిలించి వెళ్ళేవాళ్ళని, బయటికొచ్చాక ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకునేవాళ్ళని, పలక ఖాళీ అయితే లోపల ఎవరూ లేరని లెక్క అని నా చిన్నప్పుడు చెప్పేవాడివి కదా. మా పిల్లలకీ అట్టబిళ్ళలు కత్తిరించాను. గొడుగు, కుందేలు, చెంచా, ఇలా తలా ఒక బొమ్మ. వెళ్ళేముందు తలుపు పక్క పలకకి తగిలిస్తారు, తిరిగొచ్చి తీసుకుంటారు. పలక ఖాళీ అయితే అందరూ వచ్చేసినట్టు. పెద్ద టీచరు తెగ మెచ్చుకుంది.

ఇరవయ్యో తేదీన ఫైర్ స్టేషన్‌కి వెళుతున్నాం. ఆ బిళ్ళల సంగతి పిల్లలకి అర్థమయ్యేలా నువ్వే ఒక చిన్న ఉత్తరం రాసి పంపు. గట్టిగా చదివి వినిపిస్తాను. నిజం ఫైర్‌మ్యాన్ రాసిన ఉత్తరమంటే ఎగిరి గంతేస్తారు.

ఇంకొకటి. ఇదే అసలు సంగతి. నాలుగేళ్ళుగా మా బడిలో ఆయాగా చేస్తున్నది ఎవరో తెలుసుగా, నువ్వు నిచ్చెన అని పిలిచే నీ నేస్తం భార్య. పాపం, అంత పొడుగు మనిషి పక్కన ఈవిడ భుజం దాకా కూడా వచ్చేది కాదు. పన్నెండేళ్ళ కిందట పరుపుల గోదాము మంటల్లో ఆయన పోయినప్పుడు విచారణలో ఏం రాశారో నీకు తెలుసు: నీతోపాటు బయటికొచ్చాడు, తన బిళ్ళ తీసుకున్నాడు, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఆజ్ఞ మీరాడు కాబట్టి విధి నిర్వహణలో పోయినట్టు కాదని, అమరుల ఫోటోలుండే స్టేషన్ గోడ మీద ఆయనది పెట్టలేదు. ఎందుకు వెళ్ళాడు అంటే ఊరు ఊరుకుంటుందా? గోదాము యజమాని బీరువా తెరిచి ఉందన్నారు. అంతే, దొంగైపోయాడు. పోయిన నెల ఒక తల్లి నా ముందే, "మా వాణ్ణి ఆవిడ చెయ్యి పట్టుకోనివ్వకండి" అంది.

ఇప్పుడొచ్చిన కొత్త ఆఫీసరు ఆ గోడ మళ్ళీ కట్టిస్తున్నాడు. ఆ రోజు లోపలికి వెళ్ళినవాళ్ళెవరైనా ఉన్నదున్నట్టు రాసిస్తే ఫైలు తిరగదోడతాను, జులై ముప్పై ఒకటి దాకా గడువు అన్నాడట. ఆయనతో లోపలికి వెళ్ళింది నువ్వొక్కడివే. ఆయా అడగలేక అడిగింది. నాలుగు మాటలు రాయి అన్నయ్యా.

నీ వాగుడుకాయ

*

జూన్ 15

పిట్టా,

ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు. కొలనుకి జనం ఎక్కువ. పిల్లలకి చదవాల్సింది కింద రాశాను.

"పిల్లలూ, మంట దగ్గర పొగ ఉంటుంది. పొగలో ఎవరూ ఎవరికీ కనబడరు. అందుకని బయట ఒక పలక ఉంటుంది. లోపలికి వెళ్ళేవాడు తన బిళ్ళ దానికి తగిలిస్తాడు. నేను లోపల ఉన్నాను, నా కోసం చూడండి అని దానర్థం. బయటికి వచ్చాక తన బిళ్ళ తాను తీసుకోవాలి. ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలి. పక్కవాడిది తీయకూడదు. స్నేహితుడిదైనా తీయకూడదు. మంచికి కూడా తీయకూడదు. పలక మీద బిళ్ళ ఉన్నంతసేపు బయటివాళ్ళు వెతకడం మానరు. ఇంతే పిల్లలూ."

నీ పంటి నొప్పి తగ్గిందా? లవంగం పెట్టుకుని ఊరుకోకు, డాక్టరుకి చూపించు.

అన్నయ్య

*

జూన్ 22

అన్నయ్యా,

పన్ను పీకించేశాను. నీ ఉత్తరం చూశాక రెండో పన్ను కూడా నేనే పీక్కోవాలనిపించింది. ఆయా గురించి ఒక్క ముక్క లేదేం? నువ్వు మరిచిపోయే రకం కాదు. సరే, అది తర్వాత చెబుతాను. ముందు ఫైర్ స్టేషన్ ముచ్చట విను.

వెళ్ళేముందు పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివాను. ఆయా వెనకాల నిలబడి వాళ్ళ బూట్ల తాళ్ళు కడుతోంది. "మంచికి కూడా తీయకూడదు" అన్న దగ్గర ఆవిడ చేతులు ఆగాయి. తర్వాత ఆ కాగితం ఒకసారి చూస్తానని అడిగి తీసుకుంది. అంత పెద్ద రాత కాదుగా, చాలాసేపు చూసింది. "అన్ని మాటలు ఎందుకు రాశారమ్మా, ఒక్కసారి చెబితే సరిపోయేదిగా" అంది. పిల్లలకి ఒకటికి పదిసార్లు చెప్పాలిగా అన్నాను. తల ఊపింది.

స్టేషన్‌లో అందరూ వరసగా నిలబడి పిల్లలకి సెల్యూట్ కొట్టారు. ఆ రోజు డ్యూటీలో ఉన్నది ఆరుగురు. తిరిగొచ్చాక ఎంతమంది ఫైర్ మామలున్నారర్రా అని అడిగాను. ఏడుగురు అన్నారు. వీళ్ళకి ఐదు దాటితే లెక్క తడబడుతుందిలే అనుకున్నాను. కానీ ఇరవై ఇద్దరూ ఏడే అన్నారు. వేళ్ళు మడిచి చెప్పమన్నాను. లావు మామ, మీసాల మామ, గంట కొట్టిన మామ, ఇలా ఆరుగుర్నీ చెప్పి, "ఇంకా పలక దగ్గర నిలబడ్డ పొడుగు మామ" అన్నారు. పలక దగ్గర ఎవరూ లేరు. నేను అక్కడే ఉన్నాను.

పిల్లలు కల్పించుకుంటారు, నాకు తెలుసు. కానీ అందరూ ఒకే అబద్ధం ఎలా చెబుతారు? మర్నాటి నుంచీ మా అట్టపెట్టె స్టేషన్ ముందు ఆరు చిన్న కుర్చీలు వేసి, ఏడోది కొంచెం ఎడంగా వేస్తున్నారు. ఎవర్నీ కూర్చోనివ్వరు. ఊడ్చేటప్పుడు ఆయా ఆ కుర్చీ మాత్రం కదపదు. చుట్టూ ఊడుస్తుంది. నేను చూసీ చూడనట్టు ఉంటున్నాను. నిజం చెప్పనా? సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఆ గదిలో ఒక్కదాన్నే ఉండటం నాకు ఇష్టంగా లేదు.

ఇక నీ సంగతి. రాస్తావా, రాయవా?

చెల్లెలు

*

జూన్ 27

పిట్టా,

నేను తేటగానే రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు.

పిల్లల చేత అలాంటి మాటలు ఎవరు చెప్పిస్తున్నారు? ఆ గదిలో ఉండేది నువ్వూ, ఆవిడా. నువ్వు చెప్పించవు. పొడుగు మామ అని ఎవరూ చెప్పకుండా పిల్లలకి ఎలా తెలుస్తుంది? నా చేత కాగితం రాయించడానికి ఇదొక దారి అనుకుంటే, దారి బాగాలేదు. పసిపిల్లల్ని ఇందులోకి లాగకండి.

ఆ కుర్చీ తీసెయ్యి.

ఫైలు గురించి అడిగావు. విచారణలో అప్పుడే అన్నీ అడిగారు, అప్పుడే చెప్పాను. పన్నెండేళ్ళ తర్వాత తవ్వితే ఎవరికి మంచిది? గోడ మీద ఫోటో ఎక్కినంత మాత్రాన పోయినవాడు వస్తాడా? ఆవిడని మనసు సమాధానపరుచుకోమను.

వచ్చే వారం కొలనులో నీళ్ళు మారుస్తారు. నాకు రెండ్రోజులు సెలవు. ఎక్కడికీ వెళ్ళను.

అన్నయ్య

*

జులై 2

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక కోపంతో కాగితం నలిపేశాను.

పిల్లలకి ఆవిడ నేర్పించిందా? ఆవిడ ఎవరితోనైనా పది మాటలు మాట్లాడటం నేను చూడలేదు. ఇప్పుడర్థమైంది నాకు. నువ్వు కూడా ఆయన్ని దొంగనే అనుకుంటున్నావు. నిజం రాస్తే ఆ మాట రాయాల్సి వస్తుందని, స్నేహం కొద్దీ నోరు కుట్టేసుకున్నావు. అంతేగా? మౌనం అర్ధాంగీకారం అంటారు. నీది పూర్తి అంగీకారమే.

మనింట్లో ఆయన ఎన్నిసార్లు తిన్నాడు! పైకప్పు కారితే నిచ్చెన లేకుండానే ఎక్కేవాడని కదా నువ్వే ఆ పేరు పెట్టావు. నా సైకిల్ చైను ఊడితే నువ్వు విసుక్కునేవాడివి, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వేసిచ్చేవాడు. అలాంటి మనిషి బీరువా కోసం మంటల్లోకి వెళ్ళాడని నువ్వెలా నమ్మావు?

ఆయాకి చెప్పేశాను. "మా అన్నయ్య రాయడు, ఆయన కూడా అందరిలాగే అనుకుంటున్నాడు" అన్నాను. "అలాగామ్మా" అంది. ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది.

కుర్చీ తీయను.

*

జులై 8

అన్నయ్యా,

పోయిన ఉత్తరానికి నువ్వింకా జవాబు రాయలేదు. రాయకపోయినా ఇది నీకు చెప్పాలి. ఇంకెవరికి చెప్పినా పిచ్చిదాన్ననుకుంటారు.

పిల్లలు వేసిన బొమ్మలు ఇవ్వడానికి నిన్న మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళాం. ఆయాకి ఒంట్లో బాగోక బడిలోనే ఉండిపోయింది. మా కొత్త టీచరూ, నేనూ తీసుకెళ్ళాం. తిరిగొచ్చాక పిల్లలు ఒకరి మీద ఒకరు పడి బిళ్ళలు తీసుకున్నారు. పలక వంక చూశాను. ఖాళీ. తలుపు గడియ పెట్టాను.

పాల వేళకి గ్లాసులు పంచాం. ఒక గ్లాసు మిగిలింది.

ఆయా ఆ గ్లాసు వంక ఒక్క క్షణం చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా గడియ తీసి పరిగెత్తింది. నాకు అర్థమయ్యే సరికి ఆవిడ వీధి మలుపు తిరిగిపోయింది. తలలు లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. బుడంకాయ లేదు. దాని గొడుగు బిళ్ళ మాత్రం గిలక్కాయ జేబులో ఉంది. "నువ్వెందుకు తీశావే?" అని అరిచాను. బిత్తరపోయింది. "దానికి బిళ్ళ అందదు టీచర్. రోజూ నేనే తీసిస్తాను. వెనకాలే వస్తోందనుకున్నా" అంది.

వెనకాలే వస్తోందనుకుందట. నేను పిల్లల్ని లెక్కపెట్టలేదన్నయ్యా, బిళ్ళల్ని లెక్కపెట్టాను.

స్టేషన్ వెనకాల తడి పైపులు ఆరేసే గది ఉంది చూడు, కిటికీ లేనిది, ఆ గదిలో చుట్టిన పైపుల వెనక కూర్చుని ఉంది. గది తలుపు గాలికి మూసుకుపోయిందట. స్టేషన్ వాళ్ళంతా ముందు వాకిట్లో బండి కడుగుతున్నారు, వాళ్ళకి తెలియదు. ఆయా ఇంకెక్కడా వెతకలేదు, తిన్నగా ఆ గదికే వెళ్ళిందని చెప్పారు. నేను రొప్పుతూ వెళ్ళేసరికి దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. పిల్ల ఏడవలేదు. భయమేసిందా తల్లీ అంటే లేదంది. "పొడుగు మామ ఉన్నాడుగా" అంది. "కూర్చోమన్నాడు. పలక మీద నా బిళ్ళ ఉంటే ఎవరో ఒకరు తప్పకుండా వస్తారన్నాడు." తర్వాత నా మొహంలోకి చూసి అడిగింది, "నా బిళ్ళ ఉందిగా టీచర్?"



ఆయా పిల్ల తల మీంచి నా వంక చూసింది. "ఆయన బిళ్ళ ఎవరు తీశారమ్మా?" అంది. నన్ను కాదు, ఎవర్నో అడిగినట్టు అడిగింది.

సాయంత్రం ఆ పిల్ల తల్లి వచ్చి నా చెంప పగలగొట్టింది. కొట్టనీలే అనుకున్నాను. పెద్ద టీచరు సంజాయిషీ రాసిమ్మంది. తప్పు నాది, పిల్లల్ని లెక్కపెట్టలేదు అని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చూడాలి. ఆ కాగితం రాస్తున్నంతసేపూ నీ ఉత్తరంలో మాటలే బుర్రలో తిరిగాయి. స్నేహితుడిదైనా తీయకూడదు. మంచికి కూడా తీయకూడదు.

నేనొకటి అనుకుంటున్నాను. అది తప్పని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను, తప్పని చెప్పు.

*

జులై 13

చెల్లెమ్మా,

తప్పు కాదు.

మా ఇద్దరికీ ఒక అలవాటుండేది. ఎవరు ముందు బయటికొస్తే వాళ్ళు ఇద్దరి బిళ్ళలూ తీసేవాళ్ళం. వాడికి బయటికి రాగానే కూలబడి నీళ్ళు తాగడం అలవాటు, బిళ్ళ కోసం లేచేవాడు కాదు. "నాది కూడా తీసెయ్‌రా" అనేవాడు. నియమానికి విరుద్ధమే. పలక దగ్గర కూర్చునే పెద్దాయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆరేళ్ళలో ఎన్నిసార్లు తీశామో! ఒక్కసారీ తేడా రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం పరుపుల గోదాములో దూది పొగ. మన చెయ్యి మనకే కనబడదు. నేను ముందు, వాడు నా వెనక, నా భుజం మీద చెయ్యి వేసుకుని. అలాగే రావాలి. గుమ్మం దాకా ఆ చెయ్యి నా భుజం మీద ఉంది. ఈ మాట నేను దేని మీదైనా ప్రమాణం చేస్తాను. వెలుతురులోకొచ్చాను, దగ్గొచ్చింది, కళ్ళు కనబడలేదు. వాడు వెనకాలే కూలబడి ఉంటాడనుకున్నాను. రెండు బిళ్ళలూ తీశాను. వాడిది బండి సీటు మీద పడేశాను, ఎప్పటిలాగే. పలక ఖాళీ అయింది. లోపల ఎవరూ లేరని ఆఫీసరు కేకేశాడు, పక్క గోడ వైపు నుంచి నీళ్ళు వదలమన్నాడు. నేను మొహం కడుక్కుంటున్నాను. నీళ్ళు తాగాను. కప్పు కూలాక, నిచ్చెన ఏడిరా అన్నారెవరో.

వాడు గుమ్మానికి నాలుగడుగుల దూరంలో దొరికాడు. మొహం బయటి వైపుకే ఉంది.

బిళ్ళ బండి సీటు మీద దొరికింది కాబట్టి వాడు బయటికొచ్చి పెట్టి వెళ్ళాడన్నారు. విచారణలో నన్ను, "అతను బయటికి రావడం చూశావా?" అని అడిగారు. "నా వెనకాలే వచ్చాడు" అన్నాను. ఆ క్షణాన అది అబద్ధమని కూడా నాకు తెలియలేదు, ఆ చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. మర్నాటికి తెలిసింది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. రేపు చెబుదామనుకున్నాను. పలక దగ్గరి పెద్దాయన కూడా నోరెత్తలేదు, రెండేళ్ళకి పోయాడు. ఈలోగా బీరువా మాట పుట్టింది. దొంగ అన్నారు. నేను విన్నాను, విని ఊరుకున్నాను. వాణ్ణి దొంగని చేసింది ఊరు కాదు, నేను. ఊరు వదిలేస్తే పోతుందనుకున్నాను.

పోలేదు. ఇక్కడ కొలనులోకి నలభై మందిని వదులుతారు. నేను టికెట్లు చూడను, బట్టల పెట్టెల తాళాలు చూడను, తలలే లెక్కపెడతాను. నలభై ఒకటి వస్తాయి. మళ్ళీ లెక్కపెడతాను. నలభై ఒకటి. అందరూ వెళ్ళిపోయాక కూడా నీళ్ళ దగ్గర్నుంచి లేవలేను. వాడి మొహం కళ్ళు మూసినా కనబడుతుంది, తెరిచినా కనబడుతుంది. నువ్వు ఏడుగురు అని రాసినప్పుడు, ఆవిడ నేర్పించిందని నిన్ను తిట్టింది అందుకే. నీ మాట నిజమని నాకు ముందే తెలుసు.

ఆఫీసరుకి ఉన్నదున్నట్టు రాసి ఈ కవరులోనే పెట్టాను. ఇవ్వాలో వద్దో నువ్వే చూసుకో. ఆవిడకి చెప్పాలో వద్దో కూడా.

అన్నయ్య అనిపించుకునే అర్హత లేనివాడు

*

జులై 20

అన్నయ్యా,

నువ్వు ఎలా సంతకం పెట్టుకున్నా, నేను ఇలాగే పిలుస్తాను. నోటికి ఇంకో మాట రాదు. అంతమాత్రాన క్షమించానని అనుకోకు. నాకింకా తెలియడం లేదు. ఒకసారి నిన్ను చంపేద్దామన్నంత కోపం వస్తుంది, ఒకసారి నీ కొలను గట్టు మీద వచ్చి కూర్చోవాలనిపిస్తుంది.

ఇవ్వాలో వద్దో నువ్వే చూసుకో అని రాశావు. ఇన్నేళ్ళు మోసి, చివరికి దించేటప్పుడు కూడా ఇంకొకరి నెత్తినే పెట్టావు. నేను మోయను. నిన్న పిల్లలు వెళ్ళాక ఆయాని కూర్చోబెట్టి నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివేశాను. ఒక్క ముక్క దాచలేదు.

పిల్లల కుర్చీలో, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "గుమ్మానికి ఎన్నడుగులన్నారు?" అంది. నాలుగు అన్నాను. "మొహం ఎటుందన్నారు?" బయటి వైపుకి అన్నాను. ఆ ముక్క మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది.

"అయితే ఆయన బయటికే వస్తున్నాడన్నమాట" అంది.

అన్నయ్యా, మనకి తెలియనిది ఒకటుంది. ఆవిడ ఆయన్ని దొంగని ఎప్పుడూ అనుకోలేదు. కానీ విచారణలో రాసింది మాత్రం నమ్మింది. బయటికొచ్చి కూడా మళ్ళీ లోపలికి వెళ్ళాడని నమ్మింది. "నేనొకదాన్నున్నానని తెలుసు కదమ్మా, తెలిసి కూడా వెనక్కి తిరిగాడు అనుకున్నాను. నాకంటే లోపల ఏముందని వెళ్ళాడు అనుకున్నాను. పన్నెండేళ్ళు తిట్టాను. పొద్దున లేచింది మొదలు తిట్టేదాన్ని. ఒకరోజు కోపం పట్టలేక ఉన్న ఫోటోలన్నీ పొయ్యిలో పెట్టేశాను" అంది. గోడ మీద ఫోటో కోసం ఆఫీసు చుట్టూ తిరిగింది కూడా, ఊళ్ళో నోళ్ళు మూయించడానికేనట. ఇంట్లో తన నోరు మాత్రం మూతపడలేదంది. ఇన్నాళ్ళూ నేను ఆవిడ నెమ్మదస్తురాలనుకున్నాను.

నువ్వు రాసిన కాగితం ఆవిడే స్వయంగా తీసుకెళ్ళి ఆఫీసరుకి ఇచ్చింది. ఆయన చదివి లేచి నిలబడ్డాడట. కాగితం ఒక్కటీ చాలదు, రాసిన మనిషి గడువులోగా వచ్చి తన ఎదుట చెప్పి సంతకం పెట్టాలన్నాడు. పెడితే నీ మీద కూడా ఫైలు తెరుస్తారట. అది దాచి నిన్ను రమ్మనలేను, అందుకే చెబుతున్నాను. గోడకి ఫోటో కావాలన్నాడు. స్టేషన్ ఫైల్లో ఉన్నదాన్ని చెద తినేసింది. మన దగ్గరేమైనా ఉందేమోనని ఇల్లంతా తిరగేశాను. లేదు. మీరిద్దరూ ఎప్పుడూ పక్కపక్కనే తిరిగారు గానీ, ఒక్క ఫోటో అయినా తీయించుకోలేదేంటి?

నా ఉద్యోగం ఉంది. పలక తీసేశాం. ఇప్పుడు ప్రతి పిల్ల తల మీదా చెయ్యి పెట్టి లెక్కపెడుతున్నాను. పొడుగు మామ ఇంకా ఉన్నాడని పిల్లలంటున్నారు. నేను కాదనడం మానేశాను.

వెళ్ళేముందు ఆయా గుమ్మంలో ఆగింది. మా అన్నయ్యకి ఏం రాయమంటారు అని అడిగాను. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఎంత తలుచుకున్నా నాకు ఆయన మొహం గుర్తు రావట్లేదమ్మా. తిట్టీ తిట్టీ చెరిగిపోయింది. మీ అన్నయ్యకి కళ్ళు మూసినా, తెరిచినా కనబడుతోందని రాశారుగా. ఆయన్ని రమ్మను. వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పమను. తొందరేం లేదు, నుదుటి దగ్గర్నుంచి మొదలుపెట్టమను."

చెల్లెలు